64 జీబీ ర్యామ్, 2 టీబీ ఎస్సెస్డీ: విప్పి మార్చి అమ్మే గేమింగ్ ల్యాప్‌టాప్‌కి అంత డబ్బు పెట్టొచ్చా?

అమెరికా షాపింగ్ సైట్లలో గేమింగ్ ల్యాప్‌టాప్ వెతికేవాళ్లకి ఒకే మోడల్ పది రకాలుగా ఎదురవుతుంది. కంపెనీ దాన్ని 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్సెస్డీతో తయారు చేసి ఉంటుంది. మహా అయితే ఇంకో రకం ఉంటుంది. లిస్టింగుల్లో మాత్రం 32 జీబీ–1 టీబీ, 64 జీబీ–2 టీబీ, 64 జీబీ–4 టీబీ అంటూ మెట్లు మెట్లుగా ధర పెరుగుతూ పోతుంది. వివరాల్లో బాగా కిందికి దిగితే ఒక వాక్యం కనిపిస్తుంది. అప్‌గ్రేడ్ చేయడానికే సీలు తెరిచామని, మార్చిన ర్యామ్‌కీ ఎస్సెస్డీకీ అమ్మినవాళ్ల వారంటీ, మిగతా భాగాలకి కంపెనీ వారంటీ అని. ముందు చదవాల్సింది దాన్నే. ధర అలా ఎందుకుందో, రేపు ఏదైనా పాడైతే ఎవరి గుమ్మం ఎక్కాలో రెండూ అందులోనే ఉన్నాయి.

ఈ వ్యాపారం తీరు తేలికైనదే. పెద్ద దుకాణాల్లో ఆఫర్ నడుస్తున్నప్పుడు రీసెల్లర్ బేసిక్ మోడల్‌ని కొంటాడు. అడుగు మూత విప్పి రెండు 8 జీబీ ర్యామ్ స్టిక్కులు తీసేసి రెండు 32 జీబీ స్టిక్కులు పెడతాడు. 512 జీబీ ఎస్సెస్డీ తీసి 2 టీబీది బిగిస్తాడు. విండోస్ ఎక్కించి, మూత వేసి, పెట్టెకి కొత్త టేపు అంటిస్తాడు. చేయి తిరిగినవాళ్లకి విండోస్ ఎక్కే సమయం పోను అరగంట పని. ఇందులో మోసం ఉండి తీరాలని లేదు, శ్రద్ధగా చేసి మంచి భాగాలు వేసేవాళ్లూ ఉన్నారు. చిక్కల్లా ఎవరు ఏం వేశారో లిస్టింగ్ చెప్పకపోవడం. 64 జీబీ అని ఉంటుంది, ఎవరి స్టిక్కులో ఉండదు. 2 టీబీ అని ఉంటుంది, ఏ డ్రైవో ఉండదు. కంపెనీ పేరు ల్యాప్‌టాప్ మూత మీద మెరుస్తూ ఉంటుంది కాబట్టి లోపలివి కూడా ఆ కంపెనీవే అనుకుని కొనేస్తాం.

లెక్క ఎలా వేయాలి

లెక్క కోసం ఇలా అనుకుందాం. బేసిక్ మోడల్ 1,000 డాలర్లు, అదే మోడల్ 64 జీబీ–2 టీబీతో 1,600. తేడా 600. రెండు 32 జీబీ స్టిక్కులు, 2 టీబీ ఎస్సెస్డీ విడిగా కొంటే 450 అవుతాయనుకోండి. అరగంట పనికి, మన తలనొప్పి తప్పించినందుకు 150 తీసుకున్నారు, పోనీలే అనిపిస్తుంది.

కానీ లెక్కలో ఒక అంకె తప్పిపోయింది. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన రెండు 8 జీబీ స్టిక్కులు, 512 జీబీ ఎస్సెస్డీ ఏమయ్యాయి? అవి రీసెల్లర్ దగ్గరే ఉండిపోయాయి. వాటిని విడిగా అమ్ముకుంటాడు. మనమే మార్చుకుని ఉంటే స్టిక్కులు సెకండ్ హ్యాండ్‌లో అమ్ముకునేవాళ్లం. ఎస్సెస్డీనైతే తీయాల్సిన పనే లేదు. ఇప్పటి గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఎస్సెస్డీ బిగించే ఎం.2 స్లాట్లు రెండు ఉంటాయి. పాతది ఉన్నచోటే ఉంచి రెండో స్లాటులో 2 టీబీది పెడితే మొత్తం రెండున్నర టీబీ అవుతుంది. తీసేసిన భాగాల విలువ 80 డాలర్లు అనుకుంటే రీసెల్లర్‌కి మనం నిజంగా ఇచ్చింది 150 కాదు, 230.

బేసిక్ ధర ఏ రోజుది తీసుకుంటున్నామన్నది కూడా చూసుకోవాలి. గేమింగ్ ల్యాప్‌టాప్‌ల ధర సేల్ రోజుల్లో బాగా దిగుతుంది, రీసెల్లర్ కొన్నది ఆ ధరకే. మనం మామూలు రోజు ధరతో పోలిస్తే తేడా తక్కువగా కనిపిస్తుంది.

ఇంతవరకు చెప్పింది చాలా ఏళ్లు ఎటూ మారని లెక్క. 2025 వేసవిలో ల్యాప్‌టాప్‌కి వేసే 64 జీబీ డీడీఆర్5 (కొత్త తరం ర్యామ్) జత 200 డాలర్ల లోపే దొరికేది. అలాంటప్పుడు రీసెల్లర్‌కి 500, 600 ఎక్కువ ఇవ్వడం దండగే. ఆ ఏడాది చివరికి పరిస్థితి తారుమారైంది. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ చిప్పులు అటు తరలిపోయి, మామూలు ర్యామ్ ధర కొద్ది నెలల్లోనే రెట్టింపు దాటింది. క్రూషల్ పేరుతో ర్యామ్, ఎస్సెస్డీలు అమ్ముతూ వచ్చిన మైక్రాన్, ఆ వినియోగదారుల వ్యాపారాన్ని మూసేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. దాంతో పాత ధరకి స్టిక్కులు కొని పెట్టుకున్న రీసెల్లర్ దగ్గర అప్‌గ్రేడ్ చేసిన ల్యాప్‌టాప్, విడిగా ర్యామ్ కొనడం కన్నా నిజంగానే చవకగా పడే రోజులు వచ్చాయి. కాబట్టి ఆరు నెలల కిందట ఎవరో ఇచ్చిన సలహా పట్టుకుని కొనకండి, మానకండి. కొనే రోజు భాగాల ధరలు చూసి ఈ లెక్క మళ్లీ వేయాలి.

ర్యామ్ అంకె వెనక ఏముంది

40 జీబీ అని రాసి ఉన్న లిస్టింగ్ ఒకటి తీసుకుందాం. ర్యామ్ స్టిక్కులు 8, 16, 32 జీబీల్లో వస్తాయి, ఈమధ్య 24, 48 కూడా వస్తున్నాయి. రెండు స్లాట్ల ల్యాప్‌టాప్‌లో 40 అంటే దాదాపు ఖాయంగా 8 పక్కన 32. అంటే ఒక పాత స్టిక్కు అలాగే వదిలేసి రెండోదాని చోట పెద్దది పెట్టారు. ప్రాసెసర్ రెండు స్టిక్కులనీ ఒకేసారి సమాంతరంగా చదవగలగడాన్నే డ్యూయల్ చానెల్ అంటారు. 8కి 32 జత కట్టలేదు. పెద్దదాంట్లోంచి 8 మాత్రమే చిన్నదాని 8తో కలిసి 16 జీబీ వరకు డ్యూయల్‌గా నడుస్తుంది, మిగిలిన 24 జీబీ ఒంటి చానెల్‌లో నడుస్తుంది. పైగా ఒకటి 4800 వేగానిది, రెండోది 5600ది అయితే రెండూ 4800కే దిగుతాయి.

ఒంటి స్టిక్కు వేసి 32 జీబీ అని అమ్మేది దీనికన్నా నష్టం. డీడీఆర్5 4800 స్టిక్కు ఒక్కటే ఉంటే సెకనుకి 38.4 గిగాబైట్లు, రెండుంటే 76.8. పాత తరం డీడీఆర్4 3200 అయితే ఒక్కదానికి 25.6. ఆటలో సగటు ఫ్రేములు మరీ పడిపోకపోయినా, గుంపుగా శత్రువులు వచ్చిపడ్డప్పుడు, కొత్త ప్రాంతం లోడయ్యేటప్పుడు వచ్చే కుదుపు ఈ తేడాతోనే ఎక్కువవుతుంది. అందుకే అమ్మేవాళ్లని అడగాల్సిన మొదటి ప్రశ్న ఎన్ని జీబీ అని కాదు, ఎన్ని స్టిక్కులు అని.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. కొన్నిసార్లు అప్‌గ్రేడ్ వల్ల నిజంగా మేలు జరుగుతుంది. డీడీఆర్5లో 8 జీబీ స్టిక్కులకి సాధారణంగా నాలుగే చిప్పులుంటాయి, లేబుల్ మీద 1ఆర్ఎక్స్16 అని ఉంటుంది. 16 జీబీ స్టిక్కుకి ఎనిమిది చిప్పులు, 1ఆర్ఎక్స్8. నాలుగు చిప్పుల రకంలో బ్యాంక్ గ్రూపులు, అంటే చిప్పు లోపలి మెమరీ అరల గుంపులు, సగమే కాబట్టి అదే 4800 వేగమని రాసున్నా ఆటల్లో కాస్త వెనకబడుతుంది. కంపెనీ వేసిన రెండు 8ల బదులు రెండు 16లు పడితే సైజుతో పాటు వేగమూ పెరుగుతుంది.

ఇక 64 జీబీ ఎవరికి కావాలి? ఆటలకే అయితే ఎవరికీ దాదాపు అక్కర్లేదు. ఈనాటి ఆటల్లో చాలావాటికి 16 జీబీ సరిపోతుంది, బ్రౌజర్, డిస్కార్డ్ తెరిచి ఉంచి ఆడేవాళ్లకి 32 హాయి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2024 లాంటివి అరుదు. దానికి కనీసం 16, సిఫార్సు 32, ఉత్తమం 64 అని తయారీదారులే రాశారు. ఆండ్రాయిడ్ స్టూడియోలో రెండు మూడు ఎమ్యులేటర్లు నడిపేవాళ్లకి, వర్చువల్ మెషీన్లు పెట్టుకునేవాళ్లకి, భాషా మోడళ్లని సొంత ల్యాప్‌టాప్‌లో నడపాలనుకునే విద్యార్థులకి 64 నిజంగా పనికొస్తుంది. వాళ్లు కాక మిగతావాళ్లు 32 దగ్గర ఆగితే డబ్బు మిగులుతుంది.

ర్యామ్ మదర్‌బోర్డు మీదే అతికించి వచ్చే మోడళ్ల సంగతి వేరు. ఏసుస్ జెఫిరస్ జీ14కి 2023 దాకా ఒక స్లాటు ఉండేది, 2024 మోడల్ నుంచి ర్యామ్ మొత్తం బోర్డుకే సోల్డర్ చేసి వస్తోంది. అలాంటి మోడల్‌కి రీసెల్లర్ ర్యామ్ పెంచామని చెబితే ఆ లిస్టింగే తప్పు. లెనోవోకైతే పీఎస్ఆర్ఈఎఫ్ అనే సైట్లో ఏ మోడల్‌కి ఎన్ని స్లాట్లు, ఎంత సోల్డర్ అయి ఉందో వరసగా ఉంటుంది. మిగతా కంపెనీలకి మోడల్ నంబరుతో స్పెసిఫికేషన్ పేజీ చూడాలి.

ఎస్సెస్డీలో చవక ఎక్కడ దాగుతుంది

ర్యామ్ కన్నా ఎస్సెస్డీలోనే రీసెల్లర్‌కి మిగులు ఎక్కువ, ఎందుకంటే తేడా వెంటనే తెలియదు. రెండు డ్రైవులున్నాయనుకోండి. రెండూ 2 టీబీయే, రెండూ జెన్4, అంటే ఒకే తరానివి. లోపలి మెమరీ రకం మాత్రం వేరు, ఒకటి టీఎల్‌సీ (ఒక్కో కణంలో మూడు బిట్లు), రెండోది క్యూఎల్‌సీ. క్యూఎల్‌సీ ఒక్కో కణంలో నాలుగు బిట్లు కుక్కుతుంది కాబట్టి చవక, రాసేటప్పుడు నెమ్మది. ముందు వేగంగా రాయడానికి కొంత చోటుని క్యాష్‌లా వాడుకుంటుంది, అది నిండాక వేగం ఒక్కసారిగా జారిపోతుంది. కొన్ని పాత క్యూఎల్‌సీ డ్రైవుల్లో సెకనుకి 100 మెగాబైట్ల దాకా పడిపోయింది. పాత హార్డ్‌డిస్క్‌తో సమానమన్నమాట. 120 జీబీ ఆట దించేటప్పుడో, వీడియో ఫైళ్లు కాపీ చేసేటప్పుడో ఇది బయటపడుతుంది.

ఆయుష్షులోనూ తేడా ఉంది. శామ్‌సంగ్ 990 ప్రో 2 టీబీకి కంపెనీ హామీ 1,200 టెరాబైట్ల రాతలు. అదే 2 టీబీలో క్యూఎల్‌సీ రకమైన క్రూషల్ పీ3కి 440. ఆటలకి రెండూ ఏళ్ల తరబడి సరిపోతాయి, అందులో సందేహం లేదు. కానీ రెండోదాన్ని వేసి మొదటిదాని ధర తీసుకుంటుంటే అది మన డబ్బే. పేరు తెలియని కంపెనీ డ్రైవయితే ఈ అంకెలు కూడా దొరకవు.

మొత్తం అంకెని కూడా విడదీసి చూడాలి. 1.5 టీబీ అంటే చాలాసార్లు మంచి వార్తే, కంపెనీ వేసిన 512 ఉంచి పక్కన 1 టీబీ చేర్చి ఉంటారు. 2 టీబీ అన్నది కొన్నిచోట్ల రెండు 1 టీబీ డ్రైవులు, అంటే స్లాట్లు రెండూ నిండిపోయాయి, రేపు పెంచాలంటే ఒకటి తీసేయాలి. చవక ల్యాప్‌టాప్‌లకైతే ఒక ఏడాది క్లౌడ్ స్టోరేజీని, మెమరీ కార్డునీ కలిపి లెక్క చూపిస్తుంటారు. మౌస్ ప్యాడ్, హెచ్‌డీఎంఐ కేబుల్ లాంటి కానుకలు కూడా ఈ కోవలోవే, వాటిని లెక్కలోంచి తీసేయండి.

డ్రైవు మార్చేటప్పుడు జరిగే పొరపాట్లలో రెండు తరచుగా కనిపిస్తాయి. ఒకటి, పాత డ్రైవు మీదో కిందో ఉన్న థర్మల్ ప్యాడ్‌ని, అంటే వేడిని లాగే మెత్తటి పట్టీని, కొత్తదానికి అంటించకుండా వదిలేయడం. అప్పుడు ఆట మొదలైన పావుగంటకి డ్రైవు వేడెక్కి తనంతట తనే నెమ్మదిస్తుంది. రెండోది, 512 జీబీ డ్రైవుని ఉన్నదున్నట్టు క్లోన్ చేసి సైజు పెంచడం మరిచిపోవడం. సీ డ్రైవు 476 జీబీ అని చూపిస్తుంటే ఇదే సంగతి. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే మిగతా చోటు ఖాళీగా, నల్లగీతతో కనిపిస్తుంది.

వారంటీ రెండు ముక్కలవుతుంది

మూత విప్పితే వారంటీ పోతుందన్నది పూర్తి నిజం కాదు. అమెరికాలో 1975 నాటి మాగ్నుసన్–మాస్ వారంటీ చట్టం ప్రకారం, వేరే కంపెనీ భాగం వాడినంత మాత్రాన వారంటీ చెల్లదని తయారీదారు అనడానికి వీల్లేదు. సీలు చిరిగితేనో, వేరే కంపెనీ భాగాలు వాడితేనో వారంటీ రద్దు అని షరతులు పెడుతున్న ఆరు కంపెనీలకి అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018 ఏప్రిల్‌లో హెచ్చరిక లేఖలు పంపింది. అంటే రీసెల్లర్ ర్యామ్ మార్చాడు కాబట్టి స్క్రీను పాడైతే చూడం అని కంపెనీ అనకూడదు. కానీ మార్చేటప్పుడు జరిగిన నష్టాన్ని, అంటే విరిగిన స్లాటు క్లిప్పుని, గీసుకుపోయిన బోర్డుని కంపెనీ బాగుచేయాల్సిన పని లేదు.

అసలు ఇబ్బంది ల్యాప్‌టాప్ ఆన్ కానప్పుడు వస్తుంది. నల్ల స్క్రీనుకి కారణం స్టిక్కా, బోర్డా? సర్వీస్ సెంటర్‌కి పంపితే, లోపల మా భాగాలు కావు, ముందు అసలువి పెట్టి పంపండి అంటారు. అసలువి రీసెల్లర్ దగ్గరే ఉండిపోయాయి. రీసెల్లర్‌ని అడిగితే బోర్డు సమస్య కంపెనీది అంటాడు. ఇద్దరి మధ్య మనం. దీనికి మందు కొనేటప్పుడే ఉంది. తీసేసిన స్టిక్కులూ డ్రైవూ కూడా పెట్టెలో వేసి పంపుతారా అని ముందే అడగండి. కొద్దిగా డబ్బు ఎక్కువైనా ఒప్పుకునే అమ్మకందారు దొరికితే మిగతావాళ్లని వదిలేయొచ్చు.

వారంటీ ఎప్పటినుంచి మొదలైందో కూడా చూసుకోవాలి. కంపెనీ లెక్కలో కొన్నిసార్లు గడియారం మనం కొన్న రోజు నుంచి కాక, రీసెల్లర్‌కి సరుకు అమ్మిన రోజు నుంచో, ఫ్యాక్టరీ నుంచి బయల్దేరిన రోజు నుంచో నడుస్తుంది. సీరియల్ నంబరుని కంపెనీ సైట్లో కొడితే ముగింపు తేదీ వస్తుంది. ఏడాది వారంటీలో నాలుగు నెలలు గోదాములోనే గడిచిపోయి ఉంటే పెట్టె తెరిచిన రోజే తెలుసుకోవడం మేలు, కొన్న బిల్లుతో తేదీ సరిచేయమని కంపెనీని అడగొచ్చు. రీసెల్లర్ బిల్లుని కంపెనీ ఒప్పుకుంటుందా అన్నది అతను అధీకృత డీలరా కాదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మారనిది గ్రాఫిక్స్ కార్డు

ల్యాప్‌టాప్‌లో తర్వాత మార్చుకోగలిగినవి ర్యామ్, ఎస్సెస్డీ, కొన్నింటిలో వైఫై కార్డు. ఎప్పటికీ మార్చలేనివి గ్రాఫిక్స్ చిప్పు, ప్రాసెసర్, కూలింగ్. స్క్రీను మార్చడం పేరుకే సాధ్యం. ఆట ఎలా నడుస్తుందన్నది ఈ రెండో గుంపు మీదే ఆధారపడుతుంది. అప్‌గ్రేడ్ లిస్టింగులు మాత్రం పెద్ద అక్షరాలతో చూపించేది మొదటి గుంపుని.

1,300 డాలర్లకి రెండు ఎంపికలున్నాయనుకోండి. ఆర్‌టీఎక్స్ 4050 గ్రాఫిక్స్ చిప్పు, 64 జీబీ, 2 టీబీ ఒకటి. ఆర్‌టీఎక్స్ 4060, 16 జీబీ, 512 జీబీ ఇంకొకటి. మొదటిది చూడ్డానికి బరువుగా ఉంది. కానీ 4050లో వీడియో మెమరీ 6 జీబీ, 4060లో 8. కొత్త ఆటల్లో టెక్స్చర్లు హైలో పెట్టగానే 6 జీబీ నిండిపోతుంది. మామూలు ర్యామ్ 64 ఉన్నా ఆ లోటు తీరదు, పట్టని డేటా, గ్రాఫిక్స్ చిప్పుకీ మామూలు ర్యామ్‌కీ మధ్య ఉన్న పీసీఐ దారిలో అటూ ఇటూ తిరుగుతూ ఆట తడబడుతుంది. రెండోదానికి ఏడాది తర్వాత ర్యామ్ వేసుకోవచ్చు. మొదటిదానికి ఏం చేసినా 4050, 4060 కాదు. ఇలాంటి జతలో కళ్లు మూసుకుని రెండోది తీసుకోవాలి.

ఒకే చిప్పులో కూడా తేడాలున్నాయి. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4060ని తయారీదారు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎక్కడైనా పెట్టుకోవచ్చు. 5060కి ఈ పరిధి 45 నుంచి 100. సన్నటి ల్యాప్‌టాప్‌లో తక్కువ వాట్లతో నడిచే 4060, లావుపాటి దాంట్లో పూర్తి వాట్లతో నడిచే 4050తో పోటీ పడాల్సి వస్తుంది. రీసెల్లర్ లిస్టింగుల్లో ఈ వాట్ల సంఖ్య చాలావరకు కనిపించదు. మోడల్ నంబరు పట్టుకుని కంపెనీ పేజీలో వెతకాలి. మోడల్ నంబరే ఇవ్వకుండా 15.6 అంగుళాల గేమింగ్ ల్యాప్‌టాప్ అని మాత్రమే రాస్తే అక్కడితో వదిలేయండి.

మనమే మార్చుకుంటే

కావాల్సింది చిన్న ఫిలిప్స్ స్క్రూడ్రైవరు, పాత ఏటీఎం కార్డు లాంటి సన్నని ప్లాస్టిక్ ముక్క. ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేసి చార్జర్ తీసేయాలి. అడుగు స్క్రూలు పొడవు ఒకేలా ఉండవు. కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టుకుంటే తికమక ఉండదు. పొడవుది పొట్టిదాని చోట బిగిస్తే కీబోర్డు వైపు ఉబ్బు వస్తుంది. కొన్ని మోడళ్లలో మూలనున్న ఒక స్క్రూ బయటికి రాదు, అది తిప్పితే మూతని కాస్త పైకి లేపడానికి పెట్టింది. దాన్ని లాగొద్దు. అక్కణ్నుంచే కార్డు దూర్చి చుట్టూ క్లిప్పులు వదిలించాలి.

మూత రాగానే మొదటి పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. తొందరపడి ఇది మానేసేవాళ్లే బోర్డులు కాల్చుకుంటారు. కనెక్టర్‌ని తీగ పట్టి లాగకుండా గోళ్లతో రెండు వైపులా జరుపుతూ తీయాలి. తర్వాత పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టాలి. ర్యామ్ స్టిక్కుకి రెండు వైపులా ఉన్న క్లిప్పుల్ని బయటికి తీస్తే అది తనంతట తనే ఏటవాలుగా లేస్తుంది. కొత్తదాన్ని అదే వాలులో, బంగారు రంగు పిన్నులు కనపడనంతగా లోపలికి నెట్టి, కిందికి నొక్కితే టక్కున శబ్దం వస్తుంది. గాడి కుదరకపోతే బలవంతం చేయొద్దు, డీడీఆర్4, డీడీఆర్5 గాడులు వేర్వేరు చోట్ల ఉంటాయి.

మొదటిసారి ఆన్ చేశాక డీడీఆర్5 ల్యాప్‌టాప్ కొన్ని నిమిషాల పాటు నల్ల స్క్రీనుతో ఉండిపోవచ్చు. కొత్త స్టిక్కులకి తగ్గట్టు మెమరీని సర్దుకుంటుంది, అదే ట్రైనింగ్. ఈ సమయంలో భయపడి పవర్ నొక్కి ఆపేసి, మళ్లీ మొదలుపెట్టి, స్టిక్కు పాడైందని వెనక్కి పంపేవాళ్లు ఎందరో. ఐదు నిమిషాలు ఓపిక పట్టాలి.

రీసెల్లర్ దగ్గరే కొంటే, పెట్టె తెరిచిన రోజు

తిరిగి పంపే గడువు నడుస్తుండగానే ఇవన్నీ అయిపోవాలి. ముందు ల్యాప్‌టాప్ తిరగేసి స్క్రూల తలలు చూడండి. అరిగిన తలలుంటే చేయి తిరిగినవాళ్లు విప్పలేదు. మూత అంచుల్లో గీతలు, లేచిన క్లిప్పులు అదే చెబుతాయి. అడుగున ఉన్న సీరియల్ నంబరు బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) చూపించేదానితో సరిపోవాలి.

టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద మెమరీ తెరిస్తే వేగం, ఎన్ని స్లాట్లు నిండాయో కనిపిస్తాయి. సీపీయూ–జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌పీడీ పేజీ ఒక్కో స్టిక్కు తయారీదారుని, పార్ట్ నంబరుని చూపిస్తుంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అయితే ఎస్సెస్డీ మోడల్ పేరు, ఎన్ని గంటలు నడిచింది, ఇప్పటిదాకా ఎంత రాశారు అన్నీ చెప్పేస్తుంది. కొత్త డ్రైవుకి నడిచిన గంటలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగేలా ఉండాలి. వందల్లో ఉంటే అది ఎక్కడినుంచో తీసి వేసింది. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ వదిలి స్లాష్ బ్యాటరీరిపోర్ట్ అని కొడితే బ్యాటరీ చరిత్ర ఫైలుగా వస్తుంది. చార్జింగ్ సైకిళ్ల సంఖ్య, అసలు సామర్థ్యం, ఇప్పటి సామర్థ్యం అందులో ఉంటాయి. కొత్తదని అమ్మిన ల్యాప్‌టాప్‌కి నలభై సైకిళ్లుంటే తిరిగి పంపేయడమే.

రాత్రి పడుకునే ముందు మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్ నుంచి నడిపించి వదిలేయండి. ఉచిత వెర్షన్ నాలుగు విడతల వరకు పరీక్షిస్తుంది, 64 జీబీకి చాలా గంటలు పడుతుంది. తెల్లారేసరికి ఒక్క ఎర్ర గీత ఉన్నా స్టిక్కు మంచిది కాదు. ఒక్కటే కదా అని సరిపెట్టుకోవద్దు. ఆట మధ్యలో కారణం తెలియకుండా మూసుకుపోవడం, నీలం స్క్రీను రావడం ఆ ఒక్క తప్పు వల్ల కూడా జరగొచ్చు.

విండోస్ గురించి కూడా కాస్త అనుమానించాలి. హోమ్‌తో వచ్చిన మోడల్‌ని ప్రో చేసి ఇచ్చామంటారు. మైక్రోసాఫ్ట్ దగ్గర హోమ్ నుంచి ప్రోకి మారడానికి 99 డాలర్లు. రీసెల్లర్ అంత పెట్టి ఉంటాడా? విండోస్, ఆర్ మీటలు కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఎస్ఎల్ఎంజీఆర్ అన్న ఐదక్షరాలు కొట్టి, ఖాళీ వదిలి స్లాష్, డీఎల్ఐ అని కొడితే లైసెన్సు రకం వస్తుంది. అందులో వాల్యూమ్ అన్న మాట ఉంటే అది ఏదో సంస్థ కోసం ఇచ్చిన తాళం, ఎప్పుడైనా ఆగిపోవచ్చు. ప్రో అవసరం లేనివాళ్లకి మంచి దారి, మైక్రోసాఫ్ట్ సైటు నుంచి 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద విండోస్ దించుకుని డ్రైవు మొత్తం తుడిచి మళ్లీ ఎక్కించుకోవడం. హోమ్ తాళం బయోస్‌లోనే ఉంటుంది, అడగకుండానే యాక్టివేట్ అవుతుంది. ముక్కూమొహం తెలియనివాళ్లు ఎక్కించిన విండోస్‌లో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టడం కన్నా ఆ గంట పని నయం. ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో విండోస్ ఇన్‌స్టాలర్‌కి ఎస్సెస్డీ కనిపించదు. డ్రైవు పోయిందనుకోవద్దు. కంపెనీ సైటు నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ని అదే పెన్‌డ్రైవ్‌లో ముందే వేసుకుని, లోడ్ డ్రైవర్ నొక్కి చూపిస్తే కనిపిస్తుంది. వైఫై డ్రైవర్ కూడా పక్కన పెట్టుకోండి, లేదా ఫోన్‌ని కేబుల్‌తో కలిపి నెట్ ఇవ్వండి.

ఎవరికి గిట్టుబాటు

విప్పడం ఇష్టం లేనివాళ్లు, చుట్టుపక్కల చేసిపెట్టేవాళ్లు లేనివాళ్లు, వచ్చే వారం క్లాసులు మొదలవుతున్నాయన్న తొందరలో ఉన్నవాళ్లు కొంత ఎక్కువ ఇవ్వడంలో తప్పు లేదు. తీసేసిన భాగాల విలువ కూడా కలిపి లెక్కేశాక రీసెల్లర్‌కి పోయేది 100 డాలర్ల లోపుంటే, స్టిక్కులు రెండు అని, ఎస్సెస్డీ పేరు ఫలానా అని రాతపూర్వకంగా చెబితే, 30 రోజుల రిటర్న్ ఉంటే కొనొచ్చు. 200 దాటితే బేసిక్ మోడల్ కొనుక్కోవడమే. 64 జీబీ కోసం గ్రాఫిక్స్ కార్డులో ఒక మెట్టు దిగాల్సి వస్తే మాత్రం ఎంత చవకైనా వద్దు.

అమెరికాలో చదివి వచ్చేటప్పుడో, తమ్ముడి కోసమో అక్కడ కొని హైదరాబాద్ తెచ్చేవాళ్లకి ఇంకొంచెం చెప్పాలి. 18 ఏళ్లు దాటిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ని సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. చార్జర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేస్తాయి కాబట్టి గోడకి వెళ్లే తీగ మారిస్తే చాలు. కంపెనీ వారంటీ మన దేశంలో చెల్లుతుందా లేదా అన్నది మోడల్‌ని బట్టి ఉంటుంది, సీరియల్ నంబరుతో ముందే అడిగి తెలుసుకోవాలి. రీసెల్లర్ ఇచ్చిన ర్యామ్, ఎస్సెస్డీ వారంటీ మాత్రం సముద్రం దాటాక పేరుకే మిగులుతుంది, పాడైన స్టిక్కుని అమెరికా పంపే కొరియర్ ఖర్చే దాని ధరలో పెద్ద వంతు తినేస్తుంది. ఇక్కడికి తెచ్చేదైతే బేసిక్ మోడల్ తీసుకోవడమే నయం. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనోయ్ ట్రేడ్ సెంటర్‌లో స్టిక్కులు కొని, ఎదురుగా నిలబడి వేయించుకోవచ్చు. జీఎస్టీ బిల్లు మీద స్టిక్కు పార్ట్ నంబరు, సీరియల్ నంబరు రాయించుకుని, తీసిన పాత స్టిక్కుల్ని అదే ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి ఇంటికి తెచ్చుకోండి. సర్వీస్ సెంటర్‌కి వెళ్లాల్సి వచ్చిన రోజు ల్యాప్‌టాప్‌లో ఉండాల్సినవి అవే.